ఖాసిం వలి నోటి పాఠం

కర్నూలు బళ్ళారి రోడ్డులో మా టైర్ల షాపు మీద ఒక గది ఉంది. ఆ గదిలో ఖాసిం వలి పిల్లలకు పైథాన్ నేర్పుతాడు. కింద నేను పంక్చర్లు వేస్తాను. నా పేరు వీరభద్ర. ఇద్దరిదీ గాలి ఎక్కించి పంపే పనే కదప్పా అని నేనంటే అతనికి కోపం వస్తుంది.

నన్ను ఉత్త పంక్చర్ల వాడని తీసిపారేయకండి. నేనూ ఇంజనీరింగ్ వెలగబెట్టినవాణ్ణే. నాకు నేర్పడానికి కాలేజీ దగ్గర ఇంకేమీ మిగల్లేదు కాబట్టి రెండేళ్ళకే వదిలేశానని నేను చెప్తుంటాను. కాలేజీ వాళ్ళు ఇంకోలా చెప్తారు. అదీగాక ఖాసిం వలి గది కింద ఇన్నేళ్ళు కూర్చున్నవాడికి జాంగో రాకపోవడమంటూ ఉండదు. జాంగో అంటే వెబ్‌సైట్లు కట్టడానికి పైథాన్‌లో ముందే తయారుచేసి పెట్టిన సరంజామా. ఇల్లు కట్టుకునేవాడికి దర్వాజాలు, కిటికీలు సిద్ధంగా దొరికినట్టు. పైన పిల్లలు దాన్ని గొంతెత్తి వల్లె వేస్తుంటే కింద గోడలు కూడా నేర్చుకుంటాయి. ఒక ఏడాది బక్రీదుకని ఎవరో పొట్టేలును తెచ్చి మా షాపు ముందు కట్టేశారు. పండగ దగ్గర పడేసరికి అది పైనుంచి ‘ఇంపోర్ట్’ అని వినబడితే చాలు, మేత మానేసి ‘మోడల్స్’ అనేది. నమ్మకపోతే పక్కన టీ కొట్టు జోసెఫ్‌ను అడగండి. అతనూ నమ్మడు.

వల్లె వేయించడమే ఖాసిం వలి పద్ధతి. ఇప్పటి కాలంలో ప్రోగ్రాములు రాసే ఎడిటర్లో రెండక్షరాలు కొడితే మిగతా మాటను అదే కింద చూపిస్తుంది. పిల్లలు దాన్ని సజెషన్ అంటారు. ఆ గదిలో సజెషన్ నిషేధం. పిల్లలు చేరిన రోజే అతను ప్రతి కంప్యూటర్లో దాన్ని ఆపేసి, “నోటికి రానిది చేతికి రాదు” అని మొదలుపెట్టేవాడు. ఏ ముక్క ఎక్కడినుంచి తెచ్చుకోవాలి, ఏ పేరు తర్వాత ఏ చుక్క, ఏ చుక్క తర్వాత ఏ పేరు, అన్నీ నోటికి అప్పజెప్పాలి. ఒక్క మాట తప్పినా మళ్ళీ మొదటినుంచి. పిల్లలు ముందుకూ వెనక్కూ ఊగుతూ చదువుతుంటే మా షాపు పైకప్పు కూడా ఊగేది.

ఈ పద్ధతి అతనికి మదరసాలో అబ్బింది. అతనిది కోడుమూరు. తండ్రి పెళ్ళిళ్ళకు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చేవాడు. కొడుకును హాఫిజ్ చేయాలని, అంటే ఖురాన్ మొత్తం నోటికి నేర్పించాలని, చిన్నతనంలోనే కర్నూలు మదరసాలో చేర్చాడు. ఖాసిం వలి జ్ఞాపకశక్తి మామూలుది కాదు. లారీ కాగితాలు ఒక్కసారి చూపిస్తే ఇంజన్ నంబరు ఏడాది తర్వాత కూడా చెప్తాడు. కానీ సగం పైగా నోటికొచ్చాక తండ్రి మంచాన పడ్డాడు, లైట్లను కరెంటు మింగేసింది, చదువు ఆగింది. ఆ తర్వాత ఐటీఐ, ఆ తర్వాత ఇంటర్నెట్ సెంటర్, అక్కడే కంప్యూటర్. ఎవరో పడేసిపోయిన జాంగో పుస్తకాన్ని జిరాక్స్ తీయించుకుని, మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా నోటికి పట్టేశాడు. అక్కడ పూర్తికానిదాన్ని ఇక్కడ పూర్తిచేసుకున్నాడని నా లెక్క. ఈ మాట అతనితో అంటే, “పెద్ద మాటలు మాట్లాడొద్దు, ఆ జాకీ యాడ పెట్టినావో సూడు పో” అన్నాడు.

పోయినేడు వరకు ఆ గదిలో అందరికన్నా బాగా అప్పజెప్పే పిల్ల శిరీన్. ఖాసిం వలి అక్క చాంద్ బేగం కూతురు. చాంద్ బేగానికి పాతబస్తీలో మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీరలకు జాకెట్ ముక్కలు, ఫాల్స్, లైనింగులు అమ్ముతుంది. మోకాళ్ళ నొప్పులతో ఎక్కి దిగి బట్టల తాన్లు తీయలేకపోతోంది. కూతుర్ని షాపులో కూర్చోబెట్టుకోవాలని ఆమె ఆలోచన. బెంగళూరుకు పంపే ప్రసక్తే లేదు. ఈ మధ్యలో బెంగళూరు కంపెనీ ఒకటి, ఇంట్లో కూర్చునే చేసే ఉద్యోగానికి శిరీన్‌ను ఇంటర్వ్యూకి పిలిచింది. చాంద్ బేగం తమ్ముడితో తేల్చి చెప్పేసింది.

“ఈ ఒక్కటి రానీ, నేను అడ్డం రాను. రాకపోతే మాత్రం పాప నా షాపుకు వస్తాది. మళ్ళా ఇంకోటి, ఇంకోటి అంటా నా దగ్గరికి రావద్దు.”

“వస్తాది ఆపా. నా చేతిలో తయారైన పిల్ల” అన్నాడు ఖాసిం వలి.

ఇంటర్వ్యూ ముందు వారం శిరీన్ తన లాప్‌టాప్ పట్టుకుని కిందికొచ్చింది. మామ ఇంకా రాలేదు. టైర్ల మీద కూర్చుని తెర నాకు చూపించింది.

“భద్రన్నా, సజెషన్ పెట్టుకుందామని చూస్తాండా. మామూకు చెప్పొద్దు. మామూలు పైథాన్‌కు వస్తాంది. జాంగో పేరెత్తితే మూగదైపోతాంది.”

నాకు తెలిసినట్టు గడ్డం గోక్కుని చూశాను. నిజమే. మామూలు మాటలకు కింద పేర్లు వరసగా దిగుతున్నాయి. డేటాబేసులోంచి సమాచారం తెచ్చుకోవడానికి జాంగోలో ‘ఆబ్జెక్ట్స్’ అని రాసి చుక్క పెడతారు. అక్కడ మాత్రం ఖాళీ. పెళ్ళిలో పేరు అడిగితే తల వంచుకునే కొత్త పెళ్ళికొడుకులాగా ఎడిటర్ గమ్మున ఉంది.

అప్పుడే ఖాసిం వలి వచ్చాడు. తెర చూశాడు. చూసి అరిచి ఉంటే బాగుండేది, నవ్వాడు.

“ఏందమ్మా ఇది? నోట్లో ఉండే అన్నం వదిలిపెట్టి గిన్నె వెతుకుతాండావా?”

శిరీన్ లేచి నిలబడింది. ఆ పిల్ల మామ మాటకు ఎదురు చెప్పడం నేను అంతకుముందు వినలేదు.

“మామూ, తరావీలో హాఫిజ్ సాబ్ వెనకాల సామే నిలబడ్తాడు గదా.”

ఆ మాట అర్థం కానివాళ్ళకు చెప్తాను. రంజాన్ నెల తరావీ నమాజుల్లో హాఫిజ్ చూడకుండా ఖురాన్ చదువుతాడు. ఆయన వెనకే మొదటి వరసలో ఇంకో హాఫిజ్ వింటూ నిలబడతాడు. ఆయన సామే. ముందున్నాయన ఎక్కడన్నా తడబడితే వెనకాయన మాట అందిస్తాడు. అట్లా అందించడాన్ని లుక్మా ఇవ్వడం అంటారు. అందులో ముందున్నాయనకు నామోషీ ఏమీ లేదు.

“నిలబడ్తాడు. అయితే?” అన్నాడు ఖాసిం వలి.

“అంత పెద్దాయనకే లుక్మా ఇచ్చేవోడు కావాల్సొచ్చినప్పుడు, నేనెంత మామూ? నాకు వెనకాల ఒకడుంటే ఏం తప్పు?”

ఖాసిం వలి తెర వైపు వంగాడు. ఆ పిల్ల గెలిచిందనే అనుకున్నాను. నేనైతే అక్కడికక్కడే ఓడిపోయి టీ తెప్పించేవాణ్ణి.

“వెనకాల నిలబడినాయనకు గూడా మొత్తం నోటికొస్తాది బేటా. ఆయన నమ్మకస్తుడు. వీనికేమొస్తాది?” అంటూ వేలితో కీబోర్డు మీద చుక్క కొట్టాడు. కింద ఏ పేరూ దిగలేదు. “సూడు, నీ సామే నోరు తెరవనే తెరవడే! ఇట్లాంటోన్ని నమ్ముకుని నమాజులో నిలబడ్తావా?”

నేను ఫక్కున నవ్వాను. శిరీన్ కూడా నవ్వింది, కానీ ఆలస్యంగా. తర్వాత ఎడిటర్ సెట్టింగుల్లోకి పోయి సజెషన్ ఆపేసింది.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లోనే. ఆ రోజు శిరీన్ తన లాప్‌టాప్‌తో పై గదిలో ఒక్కతే కూర్చుంది. వాళ్ళింట్లో కుట్టు మిషన్ల మోత. ఆ గంటసేపు నేను కంప్రెసర్ ఆపేశాను. మంత్రాలయం పోయే భక్తుల బస్సు ఒకటి టైరు తుస్సుమని వచ్చి నిలబడితే, “స్వామి దర్శనం యాడికి పోదు, గాలి మాత్రం గంట తర్వాతే” అని కూర్చోబెట్టాను. డ్రైవరు నన్ను తిట్టిన తిట్లకు రోడ్డు మీద తారు కరిగింది. ఖాసిం వలి ఎదురుగా టైర్ల దొంతర మీద కూర్చుని పెదవులు కదుపుతున్నాడు. దువా చేస్తున్నాడో జాంగో చదువుతున్నాడో నాకు తెలియలేదు.

శిరీన్ దిగి వచ్చింది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

“కాలే మామూ.”

“ఏమైంది?”

“వాళ్ళిచ్చిన వెబ్‌సైట్‌లో ఒక కొత్త పేజీ చేర్చమన్నారు. నువ్వు చెప్పినట్లే మొదటి వరసనుంచి రాసినా. సర్వర్ లెయ్యనే లేదు. ఎర్రగా తప్పు చూపిస్తానే ఉండాది. అక్షరం అక్షరం చూసుకున్నా. మళ్ళా కొట్టేసి మళ్ళా రాసినా. ఆ ఇంటర్వ్యూ సారు శానా మంచోడు. ‘సజెషన్ ఆన్ చేసుకోమ్మా, మేమేమీ అనుకోము’ అన్నాడు. వద్దు సార్, నాకు నోటికొస్తాది అన్నా.”

ఖాసిం వలి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. ప్రేమగానే పెట్టాడు, అది నేను చూశాను.

“యాడో ఒక అక్షరం తప్పింటావు. దానికేముంది. పైకి రా, మళ్ళా మొదట్నుంచి చదువుదాం.”

ఆ పిల్ల పైకి పోయింది. మొదటి వరసనుంచి చదివింది. ఒక్కటీ తప్పలేదు. పైనుంచి అతని గొంతు వినిపించింది: “సూసినావా, అంతా వస్తాంది. ఆడ కూర్చున్నప్పుడే భయంతో తప్పినావు.”

మర్నాడు పొద్దున నేను షట్టర్ ఎత్తుతుంటే శిరీన్ వచ్చింది. రాత్రి ఆ ఎర్ర తప్పును ఇంటర్నెట్‌లో వెతికితే దొరికిన పేజీ తెరిచి ఫోను నా ముందుకు చాచింది.

“భద్రన్నా, నేను తప్పు రాయలేదంట.”

సంగతి ఇది. వెబ్‌సైట్లో ఏ చిరునామా కొడితే ఏ పేజీ రావాలో జాంగోకు చెప్పాలి. అందుకు ఖాసిం వలి నేర్పిన వరస ‘ఫ్రమ్ జాంగో డాట్ కాన్ఫ్ డాట్ యూఆర్ఎల్స్ ఇంపోర్ట్ యూఆర్ఎల్’. ఆ పుస్తకం అచ్చైన కాలంలో అది నూటికి నూరుపాళ్ళు ఒప్పే. తర్వాత జాంగో మారింది. ఆ పనికి ‘పాత్’ అని వేరే మాట వచ్చింది. పాతదాన్ని కొన్నేళ్ళు ఉండనిచ్చి, ఒక కొత్త వెర్షన్లో తీసేశారు. ఖాసిం వలి గదిలో కంప్యూటర్లలో మాత్రం మొదట్లో ఎక్కించిన వెర్షనే ఉంది. అక్కడ ఆ వరస రాస్తే పేజీ చక్కగా లేచేది. ఉస్తాద్ నోట విన్న మాటలో శిష్యుడు ఒక్క అక్షరం మార్చకూడదు. మదరసాలో అతను నేర్చుకున్నది అదే, అక్కడ అదే సరైనది కూడా. ఆ మాట ఎన్నటికీ మారేది కాదు. జాంగో మాత్రం ఏడాదికోసారి మారుతుంది. ఈ తేడా అతనికి తట్టలేదు. తట్టాల్సిన అవసరం ఆ గదిలో ఎప్పుడూ రాలేదు.

కంపెనీ ఇచ్చింది కొత్త వెర్షన్. సజెషన్ సరిగ్గా పనిచేసి ఉంటే ఆ చోట యూఆర్ఎల్ అనే పేరు కిందికి దిగేదే కాదు. ఇదేదో లేదే అని పిల్లకు అనుమానం వచ్చేది. 

శిరీన్ పైకి పోయింది. నేను కూడా వెనకే పోయాను. చెప్పుకోకూడదు గానీ నాకు ఆగబుద్ధి కాలేదు. ఖాసిం వలి చీపురుతో గది ఊడుస్తున్నాడు. ఫోను చదివాడు. మళ్ళీ చదివాడు.

“నేను చెప్పింది తప్పెట్లయితాది?” అన్నాడు.

“తప్పు కాదు మామూ. అప్పుడు ఒప్పే.”

అంతే అంది. గొంతు పెంచలేదు. గట్టిగా ఏడ్చి ఉంటే అతను ఏదో ఒకటి చెప్పి సముదాయించేవాడు. ఆ పిల్ల తన కుర్చీ దగ్గరున్న నీళ్ళ బాటిల్ తీసుకుని మెట్లు దిగిపోయింది. ఆ వారంలోనే మ్యాచింగ్ సెంటర్లో కూర్చుంది. చాంద్ బేగం మాట తప్పే మనిషి కాదు.

ఆ తర్వాత ఖాసిం వలి చేసిన పని చూస్తే మీకు నవ్వొస్తుంది; నాకు మొదట్లో వచ్చింది. పిల్లలకు సెలవిచ్చి, ఒక లాప్‌టాప్ ముందేసుకుని, తాను జీవితమంతా తిట్టిన సజెషన్‌ను జాంగోకు పని చేయించాలని కూర్చున్నాడు. అన్నం మానేశాడని నేను పై ఊళ్ళల్లో చెప్తుంటాను; అంత లేదు, ఉగ్గాని బజ్జి పంపిస్తే తినేవాడు. మధ్యమధ్య కిందికొచ్చి నాకు విన్నవించేవాడు.

“భద్రప్పా, ఆ ఎడిటర్ తప్పు లేదు. ఒక మిషన్లో పైథాన్ రెండు చోట్ల ఉండాది. ఒకటి మిషన్‌ది. ఇంకోటి మన పని కోసం వేరేగా పెట్టుకున్నది. జాంగో ఈ రెండోదాంట్లో ఉండాది. ఎడిటరేమో మొదటిదాంట్లో వెతుకుతాంది. యాడ కనపడ్తాది?”

“అంటే వీధి తప్పిన పోస్టుమాన్ అన్నమాట.”

“అదే. కింద మూలలో పైథాన్ పేరు ఉంటాది. దాన్ని నొక్కి మనది యాడుండాదో చూపిస్తే అయిపాయ.”

“అంతేనా?”

“అంతే” అని కాసేపు కంప్రెసర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. “ఆ రోజు పాప తెచ్చినప్పుడు నవ్వకుండా ఆ మూల సూసింటే సరిపోయేది.”

నేను అతనికి టీ తెప్పించాను. నాలాంటివాడు సొంత డబ్బుతో టీ తెప్పించాడంటే అది పెద్ద సంగతని గమనించండి.

ఆ తర్వాత ‘ఆబ్జెక్ట్స్’ గొడవ వచ్చింది. ఆ పేరును మనం ఎక్కడా రాయం. ప్రోగ్రాము నడిచేటప్పుడు జాంగోనే దాన్ని తెచ్చి తగిలిస్తుంది. అందుకే రాసేటప్పుడు ఎడిటర్‌కు అది ఎవరో పూర్తిగా తెలియదు. ఏ పేరు ఏ రకానికి చెందినదో ఎడిటర్‌కు చెప్పే ఫైళ్ళు విడిగా దొరుకుతాయి. వాటిని స్టబ్స్ అంటారు. అవి ఎక్కించాక ఒక మధ్యాహ్నం నన్ను పైకి పిలిచాడు. ‘ఆబ్జెక్ట్స్’ కొట్టి చుక్క పెట్టాడు. పేర్లు జలజలా దిగాయి. నేను చప్పట్లు కొట్టాను. అతను చూపుడు వేలితో ఒక్కొక్క పేరూ చదువుతూ కిందికి పోతున్నాడు. ఒక చోట ఆగాడు. ఇంకో చోట ఆగాడు. అవి అతనికి నోటికి రానివి.

“ఇవెప్పుడొచ్చినాయప్పా?” అన్నాడు. నన్ను కాదు.

మర్నాడు నా బండి మీద ఇద్దరం పాతబస్తీకి పోయాం. మ్యాచింగ్ సెంటర్లో పెళ్ళిళ్ళ కాలం రద్దీ. గల్లా దగ్గర చాంద్ బేగం, లోపల కౌంటర్ వెనక శిరీన్. ఒకావిడ నెమలికంఠం రంగు చీరను పరిచి, దానికి సరిపోయే ముక్క కోసం ఆ పిల్లను పరుగులు పెట్టిస్తోంది. ఖాసిం వలి కౌంటర్ చివర లైనింగు బట్టల పక్కన లాప్‌టాప్ తెరిచి నిలబడ్డాడు.

“ఒక్క నిమిషం సూడు బేటా.”

శిరీన్ వచ్చింది. చుక్క కొట్టింది. పేర్లు దిగాయి. కొత్త వెర్షన్ అని ఒక్క చూపులోనే గుర్తుపట్టింది.

“పనిచేస్తాంది మామూ. ఏం చేసినావు?”

“మన పైథాన్ యాడుండాదో దానికి చెప్పినా. ఆ స్టబ్స్ పొట్లం గూడా ఎక్కించినా.”

“అంతేనా?”

“అంతే. గది మిషన్లన్నీ మార్చేస్తాండా. నువ్వొస్తే ఇద్దరం కొత్తగా మొదలుపెట్టొచ్చు. ఆపాను నేను అడుగుతా. ఇంకో ఇంటర్వ్యూ...”

“మామూ” అంది శిరీన్. చుట్టూ జనం ఉన్నారని గొంతు తగ్గించింది. “ఇంట్లో ఒకసారి కూర్చున్నా. కొత్తదే రాస్తాండా, సరిగ్గానే వస్తాంది. అయినా ప్రతి వరసకూ చెయ్యి ఆగిపోతాంది. ఎర్రగా ఏమన్నా వస్తే అది నేనే చేసిన తప్పనుకుంటా. రాకపోతే ఇంకా వస్తాదని ఎదురు చూస్తా. ఆ గంట నన్ను వదల్లేదు. ఇది నువ్వు బాగు చేసేది కాదు మామూ.”

“ఏమ్మా, ఈ ముక్క వెలుతురులో ఇంకో రంగు కొడతాంది!” అని అవతలినుంచి చీరావిడ అరిచింది. శిరీన్ వెళ్ళిపోయింది. ఖాసిం వలి అక్కడే నిలబడి ఉన్నాడు. రద్దీ తగ్గితే మళ్ళీ మాట్లాడొచ్చని చూశాడు. తగ్గలేదు. ఒకరు పోతే ఇద్దరు వచ్చారు. చాంద్ బేగం టీ తెప్పించి తమ్ముడి చేతిలో పెట్టింది, ఎత్తిపొడుపు మాట ఒక్కటీ అనలేదు. లాప్‌టాప్ తెర దానంతటదే ఆరిపోయింది. అతను మూత వేసి, “వస్తా ఆపా” అని మెట్లు దిగాడు.

తిరిగొచ్చేటప్పుడు రాజ్‌విహార్ దగ్గర ఎర్ర దీపం పడింది. ఎండ నెత్తి మాడుస్తోంది. మామూలుగా నేనా ఎండ గురించే ఒక కోత కోసేవాణ్ణి. కర్నూలు ఎండలో అతుకు వేయడానికి మంట అక్కర్లేదు, ట్యూబును రోడ్డు మీద పరిచి మీద కూర్చుంటే చాలునని. ఆ రోజు దీపం వైపే చూస్తూ కూర్చున్నాను. వెనకనుంచి ఖాసిం వలి అన్నాడు:

“భద్రప్పా, ఆ గంటసేపూ పాప తన అక్షరాలే సూసుకుంటా కూర్చుండె. ఒక్కసారి గూడా నన్ను అనుమానించలే.”

“పిల్లలు పెద్దోళ్ళను నమ్ముతారు గదప్పా” అన్నాను.

“నమ్మినందుకే గదా పోయింది. నాలుగు మాటలు తక్కువ నమ్మింటే ఈ పొద్దు ఉద్యోగంలో ఉండేది.”

అతను బండి దిగి రోడ్డు పక్కకు పోయాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. పచ్చ దీపం వెలిగింది. వెనక ఆటోవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు. బండి ఎక్కమని రెండుసార్లు పిలిచాను. అద్దాలు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. దీపం మళ్ళీ ఎర్రబడింది. ఆటోల తిట్లన్నీ నేనే పడ్డాను. అతను వచ్చి ఎక్కేదాకా బండి కదిలించలేదు.